పాండవులు లేని భారతం

సాలిగ్రామం, చెన్నై

అమ్మలూ,

నీ వ్యాసం అందింది. అమ్మ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని రెండుసార్లు చదివాను. ఫాంటసీ నవలల మీద తీసే సినిమాలు గొప్ప కళ కాదనీ, పుస్తకాన్ని ప్రేమించినవాళ్లను మురిపించడానికి తీసేవేననీ మీ ఫిల్మ్ క్లబ్బులో వాదించబోతున్నావన్నమాట. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తావు. అందుకే రాస్తున్నా.

"అభిమానుల కోసం తీశారు కాబట్టి కళ కాదు" అన్న చోటే నాకు పేచీ. అలాగైతే మన పౌరాణికాల మాటేమిటి? 1957లో 'మాయాబజార్' చూడ్డానికి వచ్చినవాడికి శకుని ఎవరో, ఘటోత్కచుడు ఎవరి కొడుకో ఒకరు చెప్పాలా? హరికథల్లో విన్నవాళ్లు, తోలుబొమ్మలాటలో చూసినవాళ్లు, సురభి నాటకానికి బండి కట్టుకుని వెళ్లినవాళ్లు. హాలు హాలంతా భారతం అభిమానులే. కె.వి. రెడ్డి తీసింది వాళ్ల కోసమే. తీసి, అసలు పాండవుల్నే చూపించలేదు! ధర్మరాజు లేడు, భీముడు లేడు, అర్జునుడు లేడు. ఆ లోటు ఎవరికీ తట్టలేదు. పైగా శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలోనే లేదు, నాటకాల్లోనూ జనం నోళ్లలోనూ పెరిగిన కథ అది. మూలాన్ని ఎంత పట్టుకున్నాడని కొలవడం మొదలుపెడితే ఆ సినిమా మొదటి రీల్లోనే ఫెయిలు.

ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చాక సావిత్రిని ఇంకోసారి చూడు. అదే పిల్ల, అదే జడ, అవే నగలు. పక్కన ఎవరూ లేకపోతే మెడ బిగుస్తుంది, భుజాలు విరుచుకుంటాయి, అడుగులో ఎస్.వి. రంగారావు దిగుతాడు. మనిషి కనబడగానే మళ్లీ సిగ్గు. కథ చెప్పేవాడైతే "మాయా శశిరేఖ" అని ఒక్క మాటతో దాటేస్తాడు. ఇద్దరు మనుషుల్ని ఒకే ఒంట్లో చూపించడం తెర మీదే కుదిరింది. అందరికీ తెలిసిన కథ కాబట్టే ఆ తమాషా అంతగా పండింది కూడా. (వడపళనిలో నువ్వు ఫ్రెండ్స్‌తో తిరిగే మాల్ ఆ విజయా వాహినీ స్టూడియో నేలలోనే కట్టారు. నీకిది చెప్పినప్పుడు పాప్‌కార్న్ రేటు గురించి మాట్లాడావు.)

ఇక నువ్వు బాగా దుమ్మెత్తిపోసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్', ఇంగ్లిషు రచయిత టోల్కీన్ ఫాంటసీ నవల మీద తీసిన సినిమాలు. పీటర్ జాక్సన్ 2001 నుంచి 2003 దాకా ఏడాదికొకటి చొప్పున మూడు భాగాలు వదిలాడు. మూడోదానికి 11 నామినేషన్లు, 11 ఆస్కార్లు. అవేం కళకు సర్టిఫికెట్లు కావులే. దానికి పోటీగా నువ్వు రచయిత కొడుకు క్రిస్టఫర్ టోల్కీన్ మాట తెచ్చావు: పుస్తకం పేగులు లాగేసి కుర్రాళ్ల కోసం యాక్షన్ సినిమా చేశారని 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో అన్నాడు. తండ్రి రాతప్రతులు ఏరి కూర్చడంలోనే ఏళ్లకేళ్లు గడిపిన మనిషి, ఆ కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ ఆయన చూసింది పుస్తకంలోంచి ఏం పోయిందని. తెర మీద కొత్తగా ఏం వచ్చిందో కూడా చూడాలి కదా. సాయం అడగడానికి కొండ కొండకీ మంటలు రాజేసే సీను ఉంది చూడు. పుస్తకంలో అవి గుర్రం మీద పోతుంటే దారిలో కనబడే మంటలు, అంతే. సినిమాలో మంచు శిఖరాల మీదుగా ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోతుంటే దాదాపు డైలాగే లేదు. మీ అమ్మకి ఆ కథలో ఒక్క పేరూ నోరు తిరగదు. ఆ సీను వచ్చేసరికి కూరగాయలు తరగడం ఆపేసింది.

సెట్టు పనివాడిగా ఇంకొకటి చెప్పాలి. ఆ సినిమాల్లో సైనికుల గొలుసు కవచాలకి ప్లాస్టిక్ పైపుల్ని ఉంగరాలుగా కోసి, చేత్తో ఒక్కోటీ తగిలించి అల్లారు. కథలోని మినాస్ తిరిత్ అనే కోట 1:72 కొలతలో కట్టిన నమూనా. మేం గుడి స్తంభం పోస్తే కెమెరాకి కనిపించే వైపే నగిషీ ఉండేది. వెనక్కి వెళ్తే ప్లాస్టర్లోంచి పొడుచుకొచ్చిన కొబ్బరి పీచు, కర్రలు, మేకులు. రాతి స్తంభమని జనం నమ్మేదాన్ని ఇద్దరం ఎత్తి పక్కన పెట్టేవాళ్లం. అందుకే వాళ్ల ఓపికకి దండం పెట్టాను. అయితే మేం ప్రాణం పెట్టి చేసిన సెట్లలో ఎన్ని చెత్త సినిమాలు తీశారో లెక్కలేదు తల్లీ. పనితనం ఒక్కటీ చాలదు. నీ వ్యాసంలో "గ్రాఫిక్స్ అద్భుతం, కానీ" అని మొదలయ్యే వాక్యం కొట్టెయ్, అది ఏ వైపుకీ సాక్ష్యం కాదు.

నువ్వు ముట్టుకోని సంగతి ఒకటుంది, నాకు అదే ముఖ్యం. నువ్వు వదిలెళ్లిన పుస్తకం నిఘంటువు పక్కన పెట్టుకుని చివరిదాకా చదివాను. యుద్ధం గెలిచి హాబిట్లు, అంటే కథని నడిపే పొట్టి మనుషులు, ఊరికి వస్తే ఊరు ఊరుగా ఉండదు. చెట్లు నరికేశారు, ఇళ్లు కూల్చారు, దుష్ట మాంత్రికుడు సరుమాన్ మనుషులు పెత్తనం చేస్తున్నారు. ఎక్కడో దూరదేశంలో అనుకున్న యుద్ధం గడపదాకా వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో సోమ్ పోరులో ఉన్నవాడు రాసిన ముగింపు అది. సినిమాలో ఆ ఘట్టం లేదు. వెళ్లేటప్పుడు ఎంత పచ్చగా ఉందో వచ్చేసరికీ ఊరు అంతే పచ్చగా ఉంది. టామ్ బాంబడిల్ అనే పాత్రని తీసేసినందుకు నాకేం బాధ లేదు, కథ పరుగందుకుంది. ఇది తీసేయడం మాత్రం నేను క్షమించను. మరి ఆ ఘట్టం పోయిందని ఇప్పటికీ కొట్లాడేది ఎవరు? నువ్వు తీసిపారేసిన ఆ అభిమానులే. హాల్లో జనం హాయిగా ఇంటికి పోవాలని చూసుకున్నది సినిమా, రచన వైపు నిలబడ్డది వాళ్లు. నీ వాదంలో దీనికి చోటెక్కడ?

'హాబిట్' విషయంలో నువ్వే రైటు. టోల్కీనే 1937లో పిల్లల కోసం రాసిన ఒక్క పుస్తకాన్ని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలు చేశారు. నిన్నటి చారులో నీళ్లు పోసి మళ్లీ మరగబెట్టినట్టుంది. ఆ పుస్తకంలో లేనే లేని, పాత సినిమాల్లోని విలుకాడు లెగోలాస్‌ని కూడా పట్టుకొచ్చారు, పాత సినిమాల మోజుతో వచ్చేవాళ్ల కోసమే అయ్యుంటుంది. ఆ పేరా అలాగే ఉంచు.

పక్కింటి మామి 'పొన్నియిన్ సెల్వన్' చూసొచ్చినప్పుడు ఇంట్లో ఇదే గొడవ. అది ఫాంటసీ కాదనుకో, తమిళ చారిత్రక నవల మీద తీసిన సినిమా. కల్కి పత్రికలో వారం వారం వచ్చిన కాగితాలు వాళ్లమ్మ బైండు చేయించి దాచింది. ఐదు భాగాల నవలలోంచి ఏమేం ఎగిరిపోయాయో మామి మెట్ల మీదే నిలబడి చెప్పింది. మరుసటి ఏడాది రెండో భాగానికి మొదటిరోజు టికెట్టు నాచేతే బుక్ చేయించింది. ఆవిడ ఏ పక్షమో నువ్వే చెప్పు.

క్లబ్బులో మాట్లాడేలోపు "అభిమానులు" అన్న చోటల్లా ఎవర్ని అంటున్నావో తేల్చుకో. పుస్తకాన్ని చివరి పేజీదాకా మోసినవాళ్లు వేరు, బొమ్మల టీషర్టు కొనేవాళ్లు వేరు. రెండూ ఒకరే అయినవాళ్లూ ఉంటారు, నీ తమ్ముడిలాగ. మూడు భాగాల పొడుగు వెర్షన్ వాడి హార్డ్‌డిస్కులో ఉందట, అడుగు. నేను చెప్పింది తప్పనిపిస్తే ఆదివారం ఫోన్ చెయ్యి. తొమ్మిది దాటాకే, అంతకుముందు మీ అమ్మ సీరియల్.

మీ నాన్న