ఇంగ్లీషు మేజరంటే స్పోకెన్ ఇంగ్లీషు కాదు

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ ప్రవేశాల కాలం వచ్చిందంటే నాకు పాత ఉద్యోగం మళ్లీ మొదలైనట్టే. ఉత్తరాంధ్రలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో 31 ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నా దగ్గరికి, పిల్లలకు ఏ మేజర్, అంటే డిగ్రీలో ఏ ప్రధాన సబ్జెక్టు, ఇప్పించాలో కనుక్కుందామని తల్లిదండ్రులు వస్తూ ఉంటారు. మొన్న వచ్చినాయన ఎరువుల దుకాణం నడుపుకొనే మనిషి. కుర్చీ అంచున కూర్చుని, కాస్త మొహమాటపడుతూనే అసలు మాట అడిగేశారు: “అమ్మాయి ఇంగ్లీషు మేజర్ తీసుకుంటానని పట్టుబట్టి కూర్చుంది మేస్టారూ. ఇంగ్లీషు మాట్లాడటం రావాలంటే విశాఖపట్నంలో మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీషుకి పంపితే సరిపోదా? దానికి మూడేళ్లు దేనికండీ?” ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదు. ఇన్నేళ్లుగా మా కళాశాలలు ఆ ప్రశ్నకు తగిన జవాబు తయారు చేసుకోలేదు, తప్పల్లా అక్కడే ఉంది. ఆ సంగతి మీ పాఠకులతో చెప్పుకుందామనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన రాష్ట్రంలో 2023-24 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అంతకు ముందు బి.ఏ. అంటే మూడు సబ్జెక్టుల గ్రూపు. చరిత్ర, ఆర్థికశాస్త్రం వంటి వాటి పక్కన ‘స్పెషల్ ఇంగ్లీషు’ ఒకటిగా ఉండేది. అన్ని గ్రూపుల వారికీ తప్పనిసరైన జనరల్ ఇంగ్లీషు వేరు. స్పెషల్ ఇంగ్లీషు సరిగా అబ్బకపోయినా మిగిలిన రెండు సబ్జెక్టులూ విద్యార్థిని ఏదో ఒక ఒడ్డుకు చేర్చేవి. ఇప్పుడు డిగ్రీ బరువంతా ఒక్క సబ్జెక్టు మీదే పడింది కనుక, దాన్ని పాత పద్ధతిలోనే చెబితే విద్యార్థికి జరిగే నష్టం మునుపటికంటే చాలా ఎక్కువ.

పాఠ్యప్రణాళిక కాగితం మీద చూస్తే లోటేమీ కనిపించదు. చాసర్ మొదలుకొని మన కాలపు భారతీయాంగ్ల రచయితల దాకా ఉంటారు. ధ్వనిశాస్త్రం ఉంటుంది, సాహిత్య విమర్శ ఉంటుంది. తరగతి గదిలోనూ పరీక్ష హాలులోనూ జరిగేది వేరు. ఒక ఏడాది స్పాట్ వాల్యుయేషన్‌లో, అంటే జవాబు పత్రాలు దిద్దే చోట, నాకు ఎదురైన అనుభవం చెబుతాను. థామస్ గ్రే 1751లో ప్రచురించిన స్మృతిగీతం మీద ప్రశ్న. పల్లెటూరి చర్చి పక్కనున్న శ్మశానంలో, పొద్దువాలిన వేళ, పేరుప్రతిష్ఠలు లేకుండా మట్టిలో కలిసిపోయిన పేద రైతుల సమాధుల నడుమ సాగే ఆలోచన ఆ కవిత. ఏ గైడు అచ్చువేసినవారి పుణ్యమో గానీ, ‘చర్చియార్డు’ అని ఉండవలసిన చోట ‘కోర్టుయార్డు’ అని పడింది. ఇంకేముంది, నా ముందున్న కట్టలో పదకొండు జవాబు పత్రాల్లో కవిగారు సొంత ఇంటి ముంగిట్లో కూర్చుని శోకించారు. ఒక విద్యార్థి ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఆ ముంగిట్లో ఇంటివాళ్లెవరూ లేకపోవడం వల్ల కవికి దిగులు పుట్టి ఉంటుందని ఒక వాక్యం చేర్చాడు. నిజం చెప్పాలంటే ఆ పదకొండు మందిలో సొంత బుర్రతో ఆలోచించింది అతనొక్కడే. మార్కులు వేయడానికి మాకిచ్చిన పథకం ప్రకారం రావలసిన పాయింట్లన్నీ వచ్చాయి కనుక పదకొండు మందికీ మంచి మార్కులే పడ్డాయి. వేసింది నేనే.

పిల్లలు కవిత చదవలేదని వారిని నిందించి లాభం లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి కవితతో పనే లేదు. ఏటా అవే ప్రశ్నలు అటూ ఇటూ మారి వస్తుంటాయి. పుస్తకం తెరవకుండానే, ఇంపార్టెంట్స్ అని గుర్తుపెట్టిన ఎస్సేలు బట్టీ పట్టి ఇంగ్లీషు సాహిత్యంలో పట్టభద్రులు కావచ్చు. పై మెట్టు కూడా ఇలాంటిదే. అధ్యాపకులు కాదలచుకున్నవారు రాసే యూజీసీ నెట్ పరీక్షలో ప్రశ్నలన్నీ బిట్లే. ఒక్క పేరా సొంతంగా రాయకుండానే, రాయడం నేర్పవలసిన ఉద్యోగానికి అర్హత సంపాదించవచ్చు. అధ్యాపకుల పరిస్థితీ ఏమంత మెరుగ్గా లేదు. బి.కాం., బి.ఎస్‌సి. వారందరి జనరల్ ఇంగ్లీషు తరగతులు చెప్పి, సాయంత్రానికి గొంతు తడారిపోయిన స్థితిలో మేజర్ తరగతికి వచ్చే అధ్యాపకుడు నోట్సు చెప్పి రాయించడానికే మొగ్గు చూపుతాడు. నేనూ చాలా ఏళ్లు నోట్సే చెప్పాను.

నా పద్ధతి మారడానికి కారణం ఒక చిన్న తెలుగు ప్రత్యయం. తరగతిలో ఒక అమ్మాయి, రాని స్నేహితురాలి గురించి చెబుతూ ‘షీ ఈజ్ నాట్ వెల్ ఇట్ సీమ్స్’ అంది. అది తప్పని చెప్పి ముందుకు పోవడం నాకు అలవాటు. ఆ రోజు ఎందుకో ఆగి, ఆ మాట తెలుగులో ఎలా అంటావని అడిగాను. “ఒంట్లో బాగాలేదట సార్” అంది. ఆ పూట పాఠమంతా ఆ ‘అట’ మీదే నడిచింది. నేను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను అని చెప్పడానికి మనకు ఒక్క అక్షరం చాలు. ఇంగ్లీషులో ‘ఇట్ సీమ్స్’ అంటే వేరొకరు చెప్పారని కాదు, ఉన్న ఆనవాళ్లను బట్టి నాకు అలా తోస్తోందని అర్థం. మన పిల్లలు ఆ రెంటినీ కలిపేస్తున్నది వ్యాకరణం రాక కాదు. తెలుగులో తప్పనిసరిగా చెప్పే సంగతిని ఇంగ్లీషులోనూ చెప్పి తీరాలన్న పట్టుదల కొద్దీ కలిపేస్తున్నారు. మరి ‘పెద్ద చదువులు చదివాడట!’ అన్నప్పుడు? అక్కడ ఆ ‘ట’ విన్నమాటను చేరవేయడమే కాదు, ఆ మాటను నమ్మడం లేదని కూడా చెబుతుంది. దాన్ని ఇంగ్లీషులో దేనితో చెప్పాలి? ‘అపారెంట్లీ’ అనాలా, ‘సపోజెడ్లీ’ అనాలా, లేక గొంతు మార్చి ఊరుకోవాలా? వెనక బెంచీలో ఏనాడూ నోరు విప్పని కుర్రాళ్లు కూడా ఆ రోజు వాదించారు.

తరువాతి వారం జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొదలుపెట్టవలసి ఉంది. దాని మొదటి వాక్యం లోకప్రసిద్ధం: ఆస్తిపాస్తులున్న పెళ్లికాని మగవాడికి భార్య అవసరం ఉండి తీరుతుందనేది అందరూ ఒప్పుకున్న సత్యమని దాని తాత్పర్యం. రచయిత్రి ఇక్కడ ఒక సార్వజనీన సత్యాన్ని ప్రకటిస్తున్నారని గైడులో రాసి ఉంది. నేను ఏ వివరణా ఇవ్వకుండా, ఆ వాక్యాన్ని తెలుగులో పెట్టి తీసుకురమ్మన్నాను. పదిహేడు మంది పదిహేడు రకాలుగా రాశారు. చాలామంది గ్రాంథికంగా, శిలాశాసనంలా రాశారు. మత్స్యకార పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం, ‘డబ్బున్న బ్రహ్మచారికి పెళ్లాం కావలసిందేనట, ఊరంతా ఒప్పుకున్నదే’ అని రాసింది. ఆ ‘ట’ చదవగానే తరగతి గొల్లున నవ్వింది. ఇంగ్లీషులో ఆ వాక్యం తత్త్వం బోధిస్తున్నట్టు గంభీరంగా కనిపించినా, లోపల ఊరి అమ్మలక్కల ఆశను ఎగతాళి చేస్తోందని ఎవరూ చెప్పనక్కర లేకుండానే అందరికీ అర్థమైంది. అలాంటి మనిషి ఇరుగుపొరుగుకు వస్తే, అతని మనసులో ఏముందో తెలియకపోయినా, చుట్టుపక్కల కుటుంబాలు తమ అమ్మాయిల్లో ఎవరో ఒకరి సొత్తుగా అతన్ని లెక్కవేసుకుంటాయని రెండో వాక్యం చెబుతుంది. ఇది మా ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్య కథే సార్ అని ఒకడన్నాడు. ఆ తరువాత నవలను నేను చదివించవలసిన అవసరం రాలేదు.

అదే ఒరవడిలో మీకు తెలిసిన చోటు గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం రాయమన్నాను. మైకు చేతికి అందిన అధ్యాపకుడి దగ్గర గంటకు సరిపడా సందేశం ఉండి తీరుతుందనేది మా కళాశాలలో అందరూ ఎరిగిన సత్యమని ఒకడు రాసి, నా వైపు చూడకుండా కాగితం బల్ల మీద పెట్టాడు. వాక్యంలో ఒక్క తప్పు లేదు, వ్యంగ్యం తూకం వేసినట్టు ఉంది. పూర్తి మార్కులు ఇవ్వాలనిపించింది. కానీ అలాంటి అభ్యాసానికి మా పరీక్షలో మార్కులే లేవు.

ఆ నవల అచ్చయిన 1813లోనే, భారతదేశంలో విద్య కోసం ఏటా లక్ష రూపాయలకు తక్కువ కాకుండా కేటాయించాలని ఈస్టిండియా కంపెనీ చార్టరు చట్టం చెప్పింది. ఆ డబ్బు ఏ చదువు మీద ఖర్చు పెట్టాలన్న తగవే, ఇంగ్లీషు చదువుకే పెట్టాలన్న 1835 నాటి మెకాలే నివేదిక దాకా వెళ్లింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి ఇంగ్లీషు మన పరీక్షల్లో స్థిరపడిపోయింది. ఇంగ్లీషువారి సొంత గడ్డ మీద ఆక్స్‌ఫర్డులో ఆ సాహిత్యాన్ని విడి డిగ్రీ విభాగంగా పెట్టింది 1890లలో, కేంబ్రిడ్జిలో 1917లో. అంటే మనం వారికంటే ముందే ఈ సబ్జెక్టుకు పరీక్షలు రాశాం. ఎంతసేపూ పరీక్ష గట్టెక్కి గుమాస్తా ఉద్యోగం సంపాదించడానికే చదివాం గనుక, చదివే తీరు మాత్రం ఆ రోజుల్లో ఎక్కడ ఉందో ఇంచుమించు అక్కడే ఉంది. అలా చదవనివారూ మా ఊళ్లోనే ఉన్నారు. గురజాడ అప్పారావు గారు 1897 నాటి ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణకు పీఠిక ఇంగ్లీషులో రాసి, అందులో వాడుక తెలుగు తరఫున వాదించారు. ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట వినిపిస్తే జరిమానా వేసే కళాశాలల వారు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి. 2021లో మన డిగ్రీ కళాశాలలన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయం జరిగాక ఈ భయం మరీ ముదిరింది.

ఇంతకీ నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. ఇంగ్లీషు మేజర్ ప్రశ్నపత్రాల్లో కనీసం మూడో వంతు మార్కులు, విద్యార్థి అంతకు ముందు చూడని కవితో వచన భాగమో ఇచ్చి, దాని మీద సొంతంగా రాయమనే ప్రశ్నకు కేటాయించాలి. అది వస్తే గైడుల అవసరం దానంతట అదే తగ్గిపోతుంది. ఏటా ఒక అనువాద పత్రం, తెలుగు నుంచి ఇంగ్లీషులోకీ ఇంగ్లీషు నుంచి తెలుగులోకీ, తప్పనిసరి చేయాలి. పిల్లలు రాసినదాన్ని అధ్యాపకుడు దిద్ది ఇస్తే, దాన్ని మళ్లీ రాసే అవకాశం ఉండాలి. రాయడం నేర్చుకొనేది రెండోసారి రాసినప్పుడే. ఇది జరగాలంటే మేజర్ తరగతి చెప్పేవారి మీద జనరల్ ఇంగ్లీషు భారం తగ్గించాలి. ఖాళీ పోస్టులు నింపకుండా అతిథి అధ్యాపకులతో నెట్టుకొచ్చినంత కాలం ఇది జరిగే పని కాదని నాకూ తెలుసు. మొదటి రెండింటికి మాత్రం పైసా ఖర్చు లేదు, పాఠ్యప్రణాళిక నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక్క సమావేశంలో తీర్మానిస్తే చాలు.

ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా అన్నది తల్లిదండ్రుల రెండో ప్రశ్న. బి.ఎడ్. చేసి డీఎస్సీ రాస్తే స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టులున్నాయి. పత్రికలు, అనువాదం, ప్రచురణ, కంపెనీల్లో రాతపనులు ఉన్నాయి. పై చదువుకు 1958లో మొదలై 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) హైదరాబాదులోనే ఉంది. రాతపనులన్నీ ఇప్పుడు కంప్యూటరే చేసిపెడుతోంది కదా అని ఈ మధ్య అడుగుతున్నారు. చేసిపెడుతోంది, నిజమే. నునుపైన ఇంగ్లీషులో, వ్యాకరణం తప్పకుండా, కోర్టుయార్డుల వంటి పొరపాట్లతో సహా చేసిపెడుతోంది. ఆ పొరపాటును పట్టుకోవడానికి కవిత చదివిన మనిషి కావాలి. గైడు చదివి పట్టా పుచ్చుకున్నవారికి మాత్రం ఈ యంత్రం ముందు పని దొరకడం కష్టమే, ఆ మాట దాచి ప్రయోజనం లేదు.

ఎరువుల దుకాణం ఆయనకు ఇవన్నీ చెప్పలేదు. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగులో మీ అమ్మాయికి ఇంగ్లీషులో ఏం అడగాలో నేర్పుతారు, ఎదుటివాడు అన్నమాట వెనక ఏముందో కనిపెట్టడం ఈ మూడేళ్లలో నేర్చుకోవచ్చు, అయితే ఏ కళాశాలలో ఎవరు చెబుతున్నారో కనుక్కొని మరీ చేర్పించండి అన్నాను. ఆయన లేచి వెళ్తూ, “ఎవరు చెబుతున్నారో ఎలా తెలుస్తుంది మేస్టారూ?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ పదిహేడు అనువాదాల కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఏ కళాశాల అధ్యాపకులైనా తరగతిలో వాడుకోదలిస్తే, విద్యార్థుల పేర్లు తీసేసి నకళ్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
విజయనగరం