వార్షిక నివేదిక: మామిడి చెట్ల కింద మన లాన్

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. గిడుగు వారు పాఠాలు చెప్పిన, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మన పిల్లలు తెలుగు చదవలేకపోవడం పెద్దలందరికీ బాధగా ఉంది. వచ్చే ఏడాది తరగతులకు ఇంకా ఎక్కువమందిని పంపండి. జమాఖర్చులు విడిగా జతచేశాం.

ఇక లాన్ సంగతి. మూడేళ్లుగా మామిడి చెట్ల కింద గరిక వేయడం, వానాకాలం పోయేసరికి అది చచ్చిపోవడం, అక్కడ బురదే మిగలడం మీరంతా చూశారు. ఎక్కడైనా పెరుగుతుందని నర్సరీ వాళ్లు చెబితే నమ్మాం. చెట్లు కొట్టించేద్దామన్న మాట కూడా మీటింగులో వచ్చింది. కార్యవర్గం ఒప్పుకోలేదు. మే నెలలో మనం కూర్చునేది ఆ నీడలోనే.

అందుకే మేలో ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి నీడ అంచున వెదురు పుల్లలు పాతాం. మొదళ్ల దగ్గర నేరుగా ఎండ పడింది రెండు గంటలే. గరికకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. అది తగ్గితే కణుపుల మధ్య సాగిపోయి, పలచబడి, నాలుగు అడుగులు పడగానే చస్తుంది. మనం యూరియా చల్లినకొద్దీ ఆకు మెత్తబడి ఇంకా దెబ్బతింది.

ఈసారి వెడల్పాకు కార్పెట్ గ్రాస్ తెచ్చాం. వెచ్చటి ఊళ్లలో, తడి ఉన్న నీడలో ఇది బాగా పాకుతుంది. కాయలు దిగాక కింది కొమ్మలు తీయించి, నేల గుల్ల చేసి, గత్తం ఎరువు కలిపాం. తొలకరికి కణుపులున్న తీగ ముక్కలను జానెడు దూరంలో నాటాం. దసరాకల్లా ఒక్కో కణుపు దగ్గర వేరు దిగి, ముక్కలు ఒకదాన్నొకటి అందుకున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని నాటిన ఆడవాళ్లకు, పిల్లలకు సంఘం చేతులెత్తి మొక్కుతోంది. మొదళ్ల చుట్టూ మాత్రం గడ్డి వేయలేదు. అక్కడ వేళ్లతో పోటీ ఎక్కువ, ఎండుటాకులే పరిచాం.

ఈ కొత్త గడ్డికి వేసవిలో తడి తగ్గకూడదు. నీళ్లు పొద్దున్నే పెట్టాలి. మిషన్‌తో మరీ కిందికి కోయించొద్దు, నీడలో ఉన్న గడ్డికి ఆ ఆకే ఆధారం. గడ్డి మీద రాలిన ఆకులు పేరుకోనివ్వకండి, కింద గడ్డి కుళ్లిపోతుంది. షామియానా గుంజలు ఈ ఏడాదికి గేటు వైపే పాతించండి.

గేటు దగ్గర పూర్తి ఎండ, అక్కడి గరికను కదపలేదు. వినాయక చవితి పూజకు అక్కడిదే కోసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి