డెలావేర్ రారిటన్ కాలువ గట్టు విహారాలు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కుటుంబ విహారాలన్నీ న్యూజెర్సీలోని డెలావేర్ అండ్ రారిటన్ కెనాల్ స్టేట్ పార్కులోనే జరిపాం. వచ్చే ఏడాదీ అక్కడే జరపాలని కమిటీ నిర్ణయించింది. ప్రవేశ రుసుము లేదు. గట్టు చదునుగా ఉంటుంది కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఆయాసపడకుండా నడవగలరు.

1830లో పని మొదలై 1834లో కాలువ తెరుచుకుంది. ఎక్కువ భాగం ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కూలీలు చేత్తో తవ్విందే. ప్రధాన కాలువ బోర్డెన్‌టౌన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్ దాకా 44 మైళ్లు. డెలావేర్ నది నుంచి దానికి నీళ్లు తెచ్చే ఫీడర్ కాలువ మరో 22 మైళ్లు. పెన్సిల్వేనియా బొగ్గు న్యూయార్క్ వైపు వెళ్లింది ఈ దారినే. 1932తో పడవలు ఆగిపోయాయి, 1974లో ఇది స్టేట్ పార్కు అయింది. గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు లాకుల (పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించి దించే గేట్ల కట్టడాల) సంగతి చెప్పక్కర్లేదు. పిల్లలకు చూపించాలంటే మాత్రం కింగ్‌స్టన్ లాకు దగ్గరికి తీసుకెళ్లండి. రాతి గోడలు, పక్కనే లాకు కాపలాదారు ఇల్లు ఇంకా ఉన్నాయి. గ్రిగ్స్‌టౌన్, బ్లాక్‌వెల్స్ మిల్స్‌లో వంతెన కాపలాదారుల ఇళ్లున్నాయి. తెరచాప స్తంభాలున్న పడవలు కూడా వెళ్లాలి కాబట్టి అప్పట్లో ఇక్కడి వంతెనలు పక్కకు తిరిగేవి.

మొదటిసారి వచ్చేవాళ్లకు కింగ్‌స్టన్ నుంచి రాకీ హిల్ దాకా, సుమారు 2 మైళ్లు, సరిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు కాలువ అవతలి వైపున్న పాత రైలు దారి పట్టుకుంటే వెళ్లిన దారే మళ్లీ నడవక్కర్లేదు. ఇంకా దూరం వెళ్లేవాళ్లు ముందే ఒక కారు గ్రిగ్స్‌టౌన్‌లో పెట్టి రావాలి. ఒక పక్క కాలువ, మరో పక్క మిల్‌స్టోన్ నది ఉండడంతో మధ్యలో రోడ్డెక్కే చోట్లు తక్కువ. ఎవరికైనా కాలు బెణికితే తర్వాతి వంతెన దాకా నడవాల్సిందే. పార్కింగ్ స్థలాలు చిన్నవి, శని ఆదివారాల్లో పొద్దున్నే నిండిపోతాయి.

పెద్ద వాన పడిన మర్నాడు కార్యక్రమం వద్దు. మిల్‌స్టోన్ పొంగితే నీళ్లు గట్టెక్కి బాట మీది కంకరపొడిని కోసుకుపోతాయి, నదిని దాటే రోడ్లు కూడా మూసేస్తారు. 2021 సెప్టెంబరులో ఐడా తుఫాను వరద ఈ లోయను ఎంత దెబ్బతీసిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్లాక్‌వెల్స్ మిల్స్ దగ్గర నది మట్టం కొలిచే కేంద్రం ఉంది. బయల్దేరే ముందు దాని అంకెలు చూడండి.

కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేసేవాళ్లు ముందు ప్రవాహానికి ఎదురు వెళ్లి, అలిసిపోయాక ప్రవాహంతోపాటు తిరిగి రావాలి. ప్రధాన కాలువ ట్రెంటన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్ వైపు పారుతుంది. ప్రతి లాకుకూ చాలా ముందే ఒడ్డెక్కి పడవ మోసుకెళ్లాలి, గేటు దగ్గర నీరు లాగేస్తుంది. పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, పెద్దలకూ ఒక్కొక్కటి పడవలో ఉండాలి. ఈత నిషేధం. చేపలు పట్టాలంటే 16 ఏళ్లు నిండినవారికి లైసెన్సు కావాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కాలువ నీళ్లు లక్షలాది మంది తాగే నీళ్లు. బతుకమ్మలు, వినాయక విగ్రహాలు, పూజ పూలు ఇందులో కలపకూడదు. బతుకమ్మలను పెద్ద నీళ్ల టబ్బులో ఉంచి, తర్వాత పూలు ఇంటి తోటలో ఎరువుగా వేసుకుందాం.

చెత్తబుట్టలు ఉండవు. పులిహోర, దద్దోజనం ఎవరి డబ్బాలో వాళ్లు తెచ్చుకుంటే కాగితం ప్లేట్ల గొడవే ఉండదు. తాగే నీళ్లు మనిషికి కనీసం లీటరు తెచ్చుకోండి.

మే నుంచి జులై దాకా పిల్ల గోమార్లు (టిక్స్) గసగసాలంత ఉంటాయి, ఒంటి మీద పాకినా కనపడవు. లైమ్ జబ్బు ఎక్కువగా వీటివల్లే వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, గట్టు అంచు గడ్డిలో కూర్చోకండి. ఇంటికెళ్లగానే మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లల చెవుల వెనక చూడండి. పట్టుకుని ఉంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.

వచ్చే వసంతంలో తొలి నడక ఏప్రిల్‌లో, గడ్డి పెరగకముందే పెడుతున్నాం. రెండో కారు నడపగలిగినవాళ్లు, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు అరువివ్వగలిగినవాళ్లు మార్చి నెలలోపు కమిటీకి చెప్పండి.