మా ఆయన ఒంట్లో చేరిన క్రిమి పుట్టుపూర్వోత్తరాలు తేల్చినవాళ్లకి, కృతజ్ఞతలతో

అందరికీ నమస్కారం. మా ఆయన ఇంటికొచ్చేశారు. జ్వరం పూర్తిగా తగ్గింది, ఆకలి మాత్రం తెగ వేస్తోంది. ఫోన్లు, మెసేజ్‌లు చేసినవాళ్లకి విడివిడిగా జవాబివ్వలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది డెన్మార్క్‌లో, జట్లాండ్ పల్లెల వైపు. ఆయనకి షుగరు. కాలి పుండులోంచి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. బ్లడ్ కల్చర్‌లో స్టఫైలోకాకస్ ఆరియస్ అని వచ్చింది, అందులోనూ మొండి రకం, ఎంఆర్ఎస్ఏ. దాంట్లో మెక్-ఏ అని ఒక జన్యువు ఉంటుందట. కణం గోడ కట్టుకోవడానికి అది వేరే ప్రోటీన్ తయారుచేసి పెడుతుంది, పెనిసిలిన్ తరహా మందులకి ఆ ప్రోటీన్ చిక్కదు. రిపోర్టు రాగానే వాంకోమైసిన్ అనే వేరే మందుకి మార్చిన డాక్టర్లకి, గుండె వాల్వులకి పాకలేదన్న కబురు చెప్పడానికి డ్యూటీ అయిపోయాక కూడా ఆగిన ఆవిడకి, లోపలికొచ్చిన ప్రతిసారీ గౌను, గ్లవ్స్ తొడుక్కుంటూ విసుక్కోని నర్సులకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

అయితే ఈ పోస్టు ముఖ్యంగా ల్యాబ్ వాళ్ల కోసం.

ఎంఆర్ఎస్ఏ అనగానే అందరి చూపూ మా మీదే పడింది. సంక్రాంతికి గుంటూరు వెళ్లొచ్చాం కదా, అక్కణ్ణుంచే తెచ్చుకుని ఉంటారన్నారు. ఒకరు ముఖం మీదే అనేశారు, ఇంకొందరు పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేశారు. మందుల్ని పనిచేయనివ్వని ఒక ఎంజైముకి ఏకంగా న్యూఢిల్లీ పేరే తగిలించిన లోకం ఇది, మేమెంత!

ఇక్కడ ఎంఆర్ఎస్ఏ తేలితే నమూనా కోపెన్‌హాగన్‌లోని స్టేటెన్స్ సీరమ్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రభుత్వ ల్యాబ్‌కి వెళ్తుంది. అక్కడ క్రిమి జీనోమ్, అంటే దాని జన్యు సమాచారం మొత్తం చదువుతారు. ఆ ఫలితం వచ్చాక మైక్రోబయాలజీ డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని, గ్లవ్స్ డబ్బా అట్ట మీద పెన్నుతో వంశవృక్షం గీసి చూపించారు. మా ఆయనకి పట్టింది సీసీ398 అనే వంశం, పందుల్లో తిరిగేది. దాని దగ్గరి చుట్టాలన్నీ ఇక్కడి పందుల ఫారాల్లోనే ఉన్నాయి. గుంటూరుకీ దానికీ సంబంధమే లేదు.

ఆ వంశం కథ వింటే ఆశ్చర్యమేసింది. మొదట అది మనుషుల్లోదేనట. 19 దేశాల నుంచి తెచ్చిన 89 నమూనాల జీనోమ్‌లు పోల్చి 2012లో ఆ సంగతి తేల్చారు. పందుల్లోకి వెళ్లాక, మనిషి రోగనిరోధక శక్తిని తప్పించుకునే జన్యువులున్న ఒక ఫేజ్‌ని (బ్యాక్టీరియాలో దూరే వైరస్) వదిలేసుకుంది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ని తట్టుకునే టెట్-ఎం జన్యువు, దాంతోపాటు మెక్-ఏ సంపాదించుకుంది. ఫారాల్లో మందులు వాడే కొద్దీ అలాంటివే మిగిలాయి. మా ఆయన నమూనాలో టెట్-ఎం ఉంది, ఆ ఫేజ్ లేదు, అంటే పందుల్లో తిరిగే రకం లక్షణాలే.

మరి పందిని ఏనాడూ ముట్టుకోని మనిషికెలా వచ్చిందని ఆ డాక్టరుగారినే అడిగాను. ఈ వంశం వల్ల వచ్చే రక్త ఇన్‌ఫెక్షన్లు డెన్మార్క్‌లో 2010, 2015 మధ్య పెరిగాయనీ, ఫారం గడప తొక్కనివాళ్లకీ వచ్చాయనీ, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందనీ చెప్పారు. ఫలానావాళ్ల నుంచే వచ్చిందని మాత్రం ఆవిడ అనలేదు. నా ప్రశ్నలకి ఒక్కసారి కూడా గడియారం చూసుకోకుండా జవాబిచ్చిన ఆ తల్లికి ఎంత చెప్పినా తక్కువే.

మా పక్కింటాయనకీ థాంక్స్ చెప్పాలి. ఆయనకి పందుల ఫారం ఉంది. సంగతి తెలియగానే తనే వచ్చి, "నా ముక్కులోనూ అది ఉండొచ్చు, నాకు తెలుసు" అని చెప్పాడు. షెడ్డులోంచి బయటికొచ్చేముందు స్నానం చేసి బట్టలు మార్చుకునే మనిషి. ఆయన మీద నాకే కోపమూ లేదు. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా ఇంటి ముందు మంచు ఎత్తింది ఆయనే.

ఇక మన తెలుగువాళ్లు. వార్డు గుమ్మం దగ్గర పప్పుచారు, గోంగూర పచ్చడి పెట్టి వెళ్లిన వదినలకి, పిల్లల్ని స్కూల్లో దింపిన తమ్ముళ్లకి, పిల్లల ముక్కుల్లో స్వాబ్ పెట్టిన రోజు నాకు టెన్షన్ పడే తీరిక కూడా ఇవ్వకుండా కబుర్లు చెప్పిన అక్కకి ఎలా రుణం తీర్చుకోవాలో తెలియడం లేదు. పిల్లలకి నెగెటివ్ వచ్చింది.

మీ డబ్బాలన్నీ మా దగ్గరే ఉన్నాయి. కడిగి పెట్టాను గానీ మూతలన్నీ కలిసిపోయాయి. శనివారం భోజనానికి వచ్చి ఎవరివి వాళ్లు వెతుక్కోండి.