ఢిల్లీలో ఉన్న నీకు, మన జిల్లా కోర్టు నుంచి

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? సుప్రీంకోర్టు వార్తలు రాయడం అలవాటైందా? నీవి ఒక్కటీ వదలకుండా చదువుతున్నా. నిన్న రాత్రి చదివిన దాని గురించే ఈ ఉత్తరం. కింది కోర్టు వదిలేసిన ముద్దాయికి హైకోర్టు శిక్ష వేసిన కేసు రాశావు చూడు, అందులో కింది కోర్టు సాక్ష్యం సరిగా చూడలేదని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ మనసు చివుక్కుమంది రా.

మొన్న మంగళవారం నా కేసు పిలుస్తారని కోర్టు హాల్లో కూర్చున్నా. అప్పుడు ఏదో కొట్లాట కేసు నడుస్తోంది. అరవై దాటిన ఒకావిడ బోనెక్కింది. చీఫ్‌లో, అంటే తనని పిలిపించిన వైపు వకీలు అడిగినప్పుడు, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నలప్పుడు, ముద్దాయి తరఫు వకీలు, "గొడవ జరిగినప్పుడు మీరసలు ఊళ్లోనే లేరు కదమ్మా?" అన్నాడు. ఆవిడ బోను చెక్కని రెండు చేతులా పట్టుకుంది. వెనక బెంచీ చివర కూర్చున్న ఒకాయన వైపు చూసింది. కాసేపు ఫ్యాను చప్పుడొక్కటే. తర్వాత నెమ్మదిగా, "లేనయ్యా" అంది. జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పారు, స్టెనో టైపు చేసింది: ఆ సమయంలో నేను ఊళ్లో లేను. ఆ చూపు గానీ, ఆ మౌనం గానీ డిపోజిషన్‌లోకి, అంటే కోర్టు రాసుకునే సాక్షి వాంగ్మూలంలోకి, ఎక్కలేదు.

రేపు అప్పీలుకు వెళ్తే హైకోర్టు ముందుకొచ్చేది ఆ ఒక్క వాక్యమే. ఈ సంగతి పై జడ్జీలకీ తెలుసు. 1934లోనే షియో స్వరూప్ కేసులో, అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ చెప్పింది కదా: సాక్ష్యమంతా మళ్లీ చూసే అధికారం అప్పీలు కోర్టుకుంది, కానీ సాక్షుల్ని కళ్లారా చూసిన జడ్జి నిర్ణయాన్ని తొందరపడి తిరగరాయకూడదు అని. సాక్షి తీరులో ముఖ్యమైనదేమైనా కనిపిస్తే రాసిపెట్టమని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం, సీఆర్‌పీసీ, 280వ సెక్షన్‌లో చెప్పేది, కొత్త చట్టంలోనూ అదే ఉంది. నేను చూసినంతలో రాసేవాళ్లు అరుదు. వాళ్లని తప్పుపట్టలేను. ఆవిడ తెలుగుని ఇంగ్లీషులోకి మార్చి డిక్టేట్ చేస్తూ ముఖం కూడా గమనించాలంటే మాటలా?

మీ పత్రికల పని వేరు. కాగితం మీదికి రాని మాటలే మీకు వార్త. 2021లో, కోవిడ్ రెండో వేవ్‌లో ర్యాలీలు ఆపలేదని, ఎన్నికల సంఘం మీద హత్య కేసు పెట్టాలేమో అంది మద్రాసు హైకోర్టు. ఉత్తర్వులో ఆ మాట లేదు, కానీ దేశమంతా చదివింది. సంఘం సుప్రీంకోర్టుకెళ్తే, విచారణలో జరిగింది రాయకుండా మీడియాని ఆపలేమన్నారు. జడ్జీలు నోటిమాట జాగ్రత్తగా వాడాలనీ అన్నారు. ఆ తీర్పంటే నాకు ప్రాణం. కానీ మీరు ఆ హక్కుని ఎక్కువగా వాడేది పైకోర్టుల్లోనే. అక్కడ జడ్జిగారు విసుక్కుంటే హెడ్డింగవుతుంది. ఇక్కడ ఆవిడ ఎవరివైపు చూసిందో రాసేవాళ్లు లేరు.

ఇకమీదట కింది కోర్టు తీర్పు తప్పన్నారని రాసేముందు, ఆ డిపోజిషన్ సంపాదించి ఒక్కసారి చదువు. సంక్రాంతికి ఎలాగూ వస్తావుగా, కోర్టు సెలవులకి రెండు రోజుల ముందే దిగు. పదిన్నరకి కాల్ వర్క్, అదే కేసులు పిలవడం, మొదలయ్యేలోపు బోను కనిపించే బెంచీలో నీకు చోటు పట్టి ఉంచుతా. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఉంటా మరి.