పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి ఒక సంగీత ఉపాధ్యాయురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారములతో,

ఉన్నత పాఠశాలల్లో సంగీత బోధన గురించి నేను ఇప్పటికి నాలుగు వినతిపత్రాలు సమర్పించుకున్నాను. మూడింటికి జవాబు లేదు. నాలుగోదానికి మాత్రం ‘విషయం పరిశీలనలో ఉన్నది’ అని ఒక్క వాక్యం వచ్చింది. పరిశీలన ముగిసేలోగా నా ఉద్యోగమే ముగిసేలా ఉన్నందున, తమరు మన్నిస్తారన్న ధైర్యంతో ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బాలికల ఉన్నత పాఠశాల టైంటేబులులో ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి రెండేసి సంగీతం పీరియడ్లు ఉన్నాయి. జూన్‌లో ఉంటాయి. దసరా సెలవులు కాగానే వాటిలో ఒకటి లెక్కలకు పోతుంది, సంక్రాంతి దాటితే రెండోది సైన్సుకు పోతుంది. ఆ వేళల్లో నేను మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లోకి ఎక్కిస్తూనో, సెలవు పెట్టిన వారి తరగతిలో పిల్లలు మాట్లాడకుండా చూస్తూనో ఉంటాను. గొంతు విప్పించడానికి జీతం ఇచ్చి నోరు మూయించే పని అప్పగించడంలోని సొగసు తమరికి వేరే చెప్పనక్కరలేదు. ఏడాది చివర మాత్రం ప్రతి పిల్లకూ కళావిద్య కింద గ్రేడు వేసి పంపమంటారు. చెప్పని పాఠానికి గ్రేడు ఎలా వేయాలో నాకు ఏ గురువుగారూ నేర్పలేదు. అయినా వేస్తున్నాను, రిజిస్టరులో ఖాళీ గడి ఉండకూడదట.

ఆగస్టు 15కు వారం ముందు, ఎవరైనా పెద్దలు వస్తున్నారంటే రెండు రోజుల ముందు, అందరికీ నేను గుర్తుకొస్తాను. ‘టీచరుగారూ, పదిమందిని నిలబెట్టి ఒక స్వాగతగీతం’ అంటారు. పాట నేర్పడం వేరు, సంగీతం చెప్పడం వేరు అని ఎవరితో చెప్పుకోను?

కిందటి ఏడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వరినాట్ల మీద తానే నాలుగు పంక్తులు అల్లుకొని, మోహనరాగంలో బాణీ కట్టి తెచ్చింది. ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల, ఆదితాళంలో పాడించాను. రెండో పంక్తి ఏడు అక్షరాలకే అయిపోయి, ఎనిమిదోదాని దగ్గర చెయ్యి గాలిలో ఆగిపోయింది. తప్పెక్కడో నేను చెప్పలేదు. తాళంలోని భాగాలైన లఘువుకు నాలుగు, రెండు ద్రుతాలకు నాలుగు అని రాత్రంతా వేళ్ల మీద లెక్కపెట్టుకొని, ‘నీరు’ అన్న మాటను ఒక్క అక్షరం సాగదీసి మర్నాడు సరిగ్గా పాడింది. స్వరాలు రాసుకున్నది లెక్కల నోటు చివరి పేజీలో. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టివేత ఉంది. ఏడు తాళాలను ఐదు జాతులతో, అంటే లఘువు రకాలతో, హెచ్చవేస్తే ముప్పై ఐదు అని ఆ పేజీలోనే రాసి ఉంది, అదీ కొట్టివేతలో పోయింది. మాయామాళవగౌళ రాగం పేరులో ‘మా’ అంటే 5, ‘యా’ అంటే 1, తిరగేస్తే 15వ మేళకర్త (జనకరాగం) అని, అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది పద్ధతి చెప్పిన రోజున ఆ తరగతి ఇంటి గంట కొట్టినా లేవలేదు. అది లెక్కలు కాదనే వారితో నాకు వాదించే ఓపిక లేదు.

చరిత్ర సంగతి మరీ బాధాకరం. తమిళనాట తిరువారూరులో 1767లో పుట్టిన త్యాగరాజస్వామి తెలుగులో ఎందుకు పాడారని పిల్లలు అడుగుతారు. తెలుగును ఆదరించిన తంజావూరు నాయక రాజుల దగ్గర మొదలుపెడితే తప్ప దానికి జవాబు లేదు, మొదలుపెట్టడానికి పీరియడు లేదు. సంగీత విద్వాంసులు సుబ్బరామ దీక్షితులవారు కృతుల సంకలనమైన తమ ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని స్వరసహితంగా 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించింది తెలుగు లిపిలోనే. తమిళదేశంలో ఆనాడు అచ్చయిన తెలుగు స్వరాలు ఇన్నేళ్లకు కూడా పాఠ్యపుస్తకంగా మా బడి గడప తొక్కలేదు. ‘వచ్చే విద్యాసంవత్సరానికి పుస్తకం చేతికిస్తాం’ అని ఒక సమావేశంలో హామీ ఇచ్చారు, మేమందరం చప్పట్లు కూడా కొట్టాం. ఆ తరువాత రెండు విద్యాసంవత్సరాలు వచ్చి పోయాయి. సీబీఎస్‌ఈ పిల్లలు కర్ణాటక సంగీతాన్ని పాఠ్యాంశంగా తీసుకొని పరీక్ష రాయవచ్చు. మా పిల్లలకు రాగాలు వినిపించవనుకున్నారా?

2020 జాతీయ విద్యావిధానం పాఠ్య, సహపాఠ్య అన్న గోడ ఉండరాదన్నది తమరికి తెలిసినదే. ఆ గోడ మా టైంటేబులులో ఇంకా నిలిచే ఉంది. దయచేసి ఆ రెండు పీరియడ్లను మార్చి నెల దాకా మాకే ఉంచండి. పుస్తకం ఇప్పించండి. రాగతాళాల లక్షణాలూ చరిత్రా ఉండి, పిల్ల తానుగా నాలుగు స్వరాలు కట్టి చూపితే మార్కులు పడే పుస్తకం కావాలి. వచ్చే మే నెలలో నేను విరమణ చేస్తాను. నా పోస్టును వేరే సబ్జెక్టుకు మార్చవద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. హార్మోనియం తిత్తి చిరిగి రెండేళ్లయింది, దాని గురించి విడిగా రాసుకుంటాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక సంగీత ఉపాధ్యాయురాలు