ఓపెన్ ఫైల్ అడిగి తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో 22 ఏళ్లుగా చిన్న డీటీపీ సెంటర్ (కంప్యూటర్‌లో టైపు చేసి అచ్చుకు పేజీలు తయారుచేసే చోటు) నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బడుల సావనీర్లు, ఏడాదికి రెండో మూడో పుస్తకాలు. మొన్న శ్రావణంలో, శుభలేఖల పని నెత్తి మీద కూర్చున్న రోజుల్లో, పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి నుంచి టిక్, టిక్, టిక్ అని చప్పుడు మొదలైంది. నాలుగైదుసార్లు కొట్టి కాసేపు ఆగుతుంది, మళ్లీ కొడుతుంది. స్క్రీన్ మీద నల్లటి తెరలో ఒక్క ఇంగ్లీషు లైను. హార్డ్ డిస్క్ పోయింది.

అప్పుడు నేను చేసిన పనులు చెబుతాను, ఎందుకంటే అందరూ అవే చేస్తారు. టెన్షన్‌లో పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాను. తెలిసిన మెకానిక్‌ని పిలిస్తే అతను చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రాం) పెట్టి రాత్రంతా తిప్పాడు. తర్వాత హైదరాబాద్‌లో రికవరీ చేసేచోట చెబితే తెలిసింది, ఆ రెండూ చేయకూడదట. డిస్కులో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటుంది, దాని మీద తగలకుండా తేలుతూ చదవాల్సిన హెడ్ దెబ్బతిని తన చోటు వెతుక్కోలేకపోతే వచ్చేదే ఆ చప్పుడు, అలాంటప్పుడు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ పళ్లెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. చప్పుడు వినగానే ప్లగ్ పీకేయాలి, అంతే. వాళ్లు దుమ్ము లేని గదిలో డిస్కు విప్పి, అదే మోడల్ డిస్కు నుంచి హెడ్ తీసి దీనికి వేసి, ముందు ఉన్నదంతా ఉన్నట్టుగా ఇంకో డిస్కు మీదికి దింపుతారు, ఆ తర్వాత పని మొత్తం ఆ నకలు మీదే, అసలు డిస్కును మళ్లీ ముట్టుకోరు. డిస్కు బాగుండి పొరపాటున ఫైళ్లు డిలీట్ అయినా సూత్రం ఇదే: ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకూడదు, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకూడదు. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే దాచే ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకా కష్టం. డిలీట్ చేసిన చోటును అదే ఖాళీ చేసుకుంటుంది, అందుకని చాలాసార్లు తిరిగి దొరకదు. పోయేముందు చప్పుడు కూడా చేయదు.

28 వేలు కట్టాను. మూడు వారాల తర్వాత డేటా వచ్చింది, కానీ ఫైళ్లకు పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. అన్నీ నంబర్లు. ఏది ఎవరి పెళ్లి కార్డో, ఏది ఎవరి పుస్తకమో ఒక్కొక్కటే తెరిచి చూసుకోవాలి. అదీ సగానికి పైగా తెరుచుకోలేదు.

తెరుచుకున్నవాటితో ఇంకో తిప్పలు. మా బోటివాళ్ల పని ఇప్పటికీ పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0లోనే, అది వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. తెలుగు అంతా ‘అను’ అనే పాతరకం ఫాంట్లలో కొట్టింది. కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంట్లు లేకుండా ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, టోపీలు కనబడతాయి. ఫాంట్లు, కీబోర్డు డ్రైవరు, పేజ్‌మేకర్ సెటప్ అన్నీ పోయిన డిస్కులోనే ఉన్నాయి. ఫైళ్లు దాచుకుంటే చాలదు, వాటిని తెరిచే సరంజామా కూడా దాచుకోవాలని అప్పటిదాకా నాకు తట్టలేదు. సాటి డీటీపీవాళ్లలో ఒకరి దగ్గర ఫాంట్లు, ఇంకొకరి దగ్గర సెటప్ తెచ్చుకుని సిస్టమ్ మళ్లీ నిలబెట్టుకోవడానికే నాలుగు రోజులు పట్టింది.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. పోయినవాటిలో ఒక రిటైర్డ్ మాస్టారి పుస్తకం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో నాట్లప్పుడు, కోతలప్పుడు పాడే పాటలు ముప్పై ఏళ్లు తిరిగి రాసుకొచ్చారు. 340 పేజీలు. టైపింగ్ అయ్యాక, "అమ్మా, ఆ ఫైలు నాకూ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తావా" అని అడిగారు. ఓపెన్ ఫైల్ ఇవ్వం మాస్టారూ, ప్రింట్ తీసిస్తాం అన్నాను. ఓపెన్ ఫైల్ అంటే మళ్లీ తెరిచి దిద్దుకోవడానికి వీలైన అసలు ఫైలు. ఇవ్వకపోవడం మా వృత్తిలో అందరూ చేసేదే. ఫైలు చేతికిస్తే వేరే ప్రెస్సుకి వెళ్లిపోతారని భయం. ఇస్తే ఏం పోయేది? ఆయన జేబులో ఆ పెన్‌డ్రైవ్ ఉండి ఉంటే ఈ గొడవే లేదు. ఆయన పాటలు ఆయనకు ఇవ్వకుండా నా డిస్కులో పెట్టుకుని పోగొట్టాను.

మిగిలింది ఆయన ఇంట్లో ఉన్న ప్రూఫులు. ఎర్ర సిరాతో దిద్దినవి, కొన్నిచోట్ల కాఫీ మరకలు, మధ్యలో పదహారు పేజీలు లేవు. ఆ పదహారు పేజీల పాటలు ఆయన గుర్తున్నంతవరకు చెబుతున్నారు, మరిచిపోయిన చోట పాడినవాళ్లను అడుగుదామంటే వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. రోజూ సాయంత్రం వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటారు. ఆయన చదువుతారు, నేను కొడతాను. ఈసారి యూనికోడ్‌లో, అంటే ప్రత్యేకం ఫాంట్లు లేకపోయినా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతిలో. 212వ పేజీ దాకా వచ్చాం. ఒక్క మాట అనలేదాయన, అదే నాకు ఎక్కువ బాధ.

పెద్దపెద్దవాళ్లకే తప్పలేదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజియాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. దానికి బయట బ్యాకప్ లేదు. 2017 జనవరిలో, సాఫ్ట్‌వేర్ వాళ్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున డేటాబేస్ చెరిగిపోతే, పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా పనిచేయలేదని వాళ్లే చెప్పుకున్నారు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఉండబట్టి బతికిపోయారు. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, తెరిచి చూసుకోవడం వేరు.

సాటి డీటీపీవాళ్లకు నా మనవి: రెండో డిస్కు కొనండి, కాపీ అయ్యాక పీకేసి ఇంట్లో పెట్టండి, సిస్టమ్‌కే తగిలించి ఉంచితే వైరస్ వచ్చినరోజు రెండూ పోతాయి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి. పుస్తకాల ఫైళ్లు కొన్ని ఎంబీలే ఉంటాయి, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఎన్నో పడతాయి. పుస్తకాలు రాసుకునే పెద్దలకు ఇంకో మనవి: డబ్బులు కట్టేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు ఓపెన్ ఫైల్, వీలైతే యూనికోడ్ కాపీ అడగండి. ఇవ్వనంటే మా సెంటర్‌తో సహా ఎక్కడైనా సరే, గట్టిగా అడగండి. మీ ఆదివారం సంచికలో ఈ విషయం మీద ఒక అరపేజీ వేస్తే, నా అనుభవం ఎంతైనా వివరంగా రాసిస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
తెనాలి